ఆటలో అరటిపండు లేని ఆట

వీధిలో ఆడుకునే పిల్లల గుంపులో ఎప్పుడూ ఒక బుడ్డోడు ఉంటాడు. వద్దంటే ఏడుస్తాడు, చేర్చుకుంటే ఆట పాడవుతుంది. తెలుగువాళ్ళు దీనికి విరుగుడు ఏనాడో కనిపెట్టి వాడికి 'ఆటలో అరటిపండు' అని పేరు పెట్టారు. వాడూ పరిగెడతాడు, వాడూ అరుస్తాడు, కానీ అవుటైనా లెక్కలేదు, గెలిచినా లెక్కలేదు. పెద్దయ్యాక మనం ఆ మాట అనం గానీ, పని మాత్రం అదే చేస్తాం. సంక్రాంతికి హైదరాబాదు పాతబస్తీ మేడల మీద చేయి తిరిగినవాడు కొత్తవాడి పతంగిని నిమిషంలో కోసేస్తాడు, లేదా జాలిపడి మాంజా వదులుగా పట్టుకుంటాడు. మొదటిదాంట్లో ఆట లేదు, రెండోదాంట్లో గౌరవం లేదు. కుస్తీ పోటీల్లో పహిల్వాన్లను బరువును బట్టి విడదీస్తారు, అంటే బలం సమానం కాని ఇద్దరు స్నేహితులు అసలు తలపడరు. చదరంగంలో గొప్ప ఆటగాడు తన ఏనుగును ముందే తీసేసి ఆడొచ్చు, కానీ అప్పుడు బల్ల మీద ఉన్నది చదరంగం లాంటి మరేదో. మలక్‌పేట రేసుల్లో మంచి గుర్రం మీద ఎక్కువ బరువు వేస్తారు. దాన్ని హ్యాండిక్యాప్ అంటారు, అయితే అక్కడ సమానత్వం బలవంతుడి వీపు మీద మోపితేనే వస్తుంది. ఈ చిక్కును గోల్ఫ్ దాటినంత శుభ్రంగా దాటిన ఆట నాకు మరొకటి కనిపించదు. ఆ మాటకొస్తే ఇద్దరు మిత్రులు సెలవురోజు సరదాగా ఆడుకునే ఆటే అసలు గోల్ఫ్ అనీ, టీవీలో కనిపించే టోర్నమెంటు దాని కొమ్మ మాత్రమే అనీ నా వాదన.

హైదరాబాదులో ఈ వాదనను పరీక్షించుకోవడానికి తగిన చోటు గోల్కొండ నయా ఖిలా. పురానాపూల్ దాటి కార్వాన్ మీదుగా వెళితే పాతబస్తీ నుంచి ఎంతో దూరం కాదు. కోటగోడల మధ్య, బంతి వేయాల్సిన గుంటలు 18 ఉన్న గోల్ఫ్ మైదానం. అందులోకి దిగిన ఇద్దరిలో ఒకరి హ్యాండిక్యాప్, అంటే ఆట స్థాయిని బట్టి ఇచ్చే మినహాయింపు దెబ్బల లెక్క, 8, రెండోవారిది 24 అనుకోండి. తేడా 16. అంటే మైదానంలో అతి కష్టమైన 16 గుంటల దగ్గర రెండోవారికి ఒక్కో దెబ్బ మినహాయింపు. ఏ గుంట ఎంత కష్టమో స్కోరుకార్డు మీద ముందే అచ్చువేసి ఉంటుంది. ఆ 16లో ఒకచోట మొదటివారు 5 దెబ్బల్లో, రెండోవారు 6 దెబ్బల్లో బంతిని గుంటలో వేస్తే ఆ గుంట ఇద్దరికీ సమానం. ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. మొదటివారు తన ఆటను పిసరంత కూడా తగ్గించుకోలేదు. ఏనుగును తీసెయ్యలేదు, వీపున బరువు మొయ్యలేదు, మాంజా వదులు చెయ్యలేదు. తన శక్తి మేరకు ఆడారు. రెండోవారూ అంతే. కారణం సులువే: ఈ ఆటలో ఒకరి బంతిని మరొకరు కొట్టరు. ఇద్దరికీ ప్రత్యర్థి నేలే. నేలతో ఎవరి పోరు వారిది, చివర్లో లెక్కలు కలుపుకోవడమే ఉమ్మడి వ్యవహారం. మిగతా నాలుగు గంటలూ కబుర్లకు ఖాళీ.

హ్యాండిక్యాప్ అంటే మర్యాదగా పెట్టిన భిక్షే కదా అనొచ్చు. కాదు. 2020 నుంచి ప్రపంచమంతటా ఒకే పద్ధతి నడుస్తోంది. ఆటగాడి చివరి 20 స్కోర్లలో మేలైన 8 మాత్రమే తీసుకుని సగటు కడతారు. అంటే అది మన మామూలు ఆటకు కొలత కాదు, మనం బాగా ఆడిన రోజుకు కొలత. అందుకే తన హ్యాండిక్యాప్‌కు తగ్గట్టు ఆడిన రోజు ఎవరికైనా పండగే. ఇద్దరిలో గెలిచేది గొప్ప ఆటగాడు కాదు, ఆ పూట తనకన్నా తాను మెరుగ్గా ఆడినవాడు. గరిష్ఠ హ్యాండిక్యాప్ 54 దాకా పెట్టింది కూడా నిన్నగాక మొన్న కర్ర పట్టినవారు అరటిపండు కాకూడదనే.

మరి దొంగ స్కోర్లు రాసుకుని హ్యాండిక్యాప్ పెంచుకునేవాళ్ళ మాటేమిటి? ఉంటారు. ఈ ఆటలో మామూలు రోజుల్లో అంపైర్ ఉండడు. పొదలోకి పోయిన బంతిని కాలితో జరిపితే చూసేది కాకులే. లోపలివాడి మోసం నయా ఖిలా గోడలకు కొత్త కాదు. 1656లో, అప్పటికింకా యువరాజుగా ఉన్న ఔరంగజేబు గోల్కొండ మీదికి వచ్చి వెళ్ళాక, శత్రువుకు అక్కరకొచ్చే గుట్టను కూడా గోడ లోపలికి తెచ్చుకుందామని అబ్దుల్లా కుతుబ్ షా ఈ కొత్త కోట కట్టించాడు. 1687లో అదే ఔరంగజేబు ఎనిమిది నెలల ముట్టడి తర్వాత గోల్కొండ పడిపోయింది గోడ బలహీనమై కాదు, లోపలివాడు తలుపు తీసినందుకు. గోల్ఫ్‌ను పాడుచెయ్యాలన్నా లోపలివాడే చెయ్యాలి. అయితే పోటీలో వందమంది అపరిచితులను మోసం చెయ్యగలిగినవాడు కూడా, పదేళ్ళుగా తన ఆట ఎరిగిన మిత్రుణ్ణి మోసం చెయ్యలేడు. ఎవరు ఏ కర్రతో ఎంత దూరం కొడతారో, ఏ బంకర్లో ఎన్నిసార్లు ఇసుక తింటారో జతగాడికి కంఠతా వచ్చు. సరదా ఆటలో అంపైర్ అక్కర్లేకపోవడానికి కారణం ఆటగాళ్ళు సత్యహరిశ్చంద్రులు కావడం కాదు, సాక్షి పక్కనే నడుస్తుండటం.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం 'గిమ్మీ' మీద. గుంట వెడల్పు నాలుగుంపావు అంగుళాలు, ఇరానీ చాయ్ సాసర్ కన్నా చిన్నది. నిమ్మకాయంత బంతి దానికి జానెడు దూరంలో ఆగి ఉంటుంది. ఆడేవాడు వంగి, గడ్డి ఎటు వాలిందో చూసి, మోకాళ్ళు సర్దుకునేలోపు మిత్రుడు అటు తిరిగి నడుస్తూనే "తీసెయ్ యార్" అంటాడు. పడినట్టే లెక్క. ఇది నిబంధనలను నీరుగార్చడం అని నిష్ఠాపరులు గొణుగుతారు. కానీ గుంట గుంటకూ గెలుపోటములు తేల్చుకునే పద్ధతిలో ప్రత్యర్థికి ఇలా వదిలెయ్యడం నిబంధనల్లోనే ఉంది. మొత్తం దెబ్బలు లెక్కపెట్టే పోటీలోనే అది కుదరదు. 1969లో అమెరికా, బ్రిటన్ జట్ల మధ్య రాయల్ బర్క్‌డేల్‌లో జరిగిన రైడర్ కప్‌లో, చివరి గుంట చుట్టూ ఉండే గడ్డి (గ్రీన్) మీద అమెరికా ఆటగాడు జాక్ నిక్లాస్, బ్రిటన్ ఆటగాడు టోనీ జాక్లిన్‌కు రెండు మూడడుగుల పట్ (గుంటలోకి నెట్టే దెబ్బ) వదిలేశాడు. కప్పు 16-16తో సమమైంది, ఆ పోటీ చరిత్రలో అదే మొదటిసారి. నిక్లాస్ జట్టు కెప్టెన్‌కు అది నచ్చలేదు గానీ, గోల్ఫ్ ఆడేవాళ్ళు ఈనాటికీ చెప్పుకునేది ఆ వదిలిన పట్ గురించే. ప్రపంచం కళ్ళప్పగించి చూస్తున్న పోటీ ఆ ఒక్క క్షణం ఇద్దరు స్నేహితుల ఆదివారపు ఆటలా మారింది. మొదటి దెబ్బ చెడితే మళ్ళీ కొట్టనిచ్చే 'ముల్లిగన్' సంగతి వేరు. దానికి నిబంధనల్లో చోటు లేదు. ముందే ఒప్పుకుంటే సరదా, చెడగొట్టాక అడిగితే బేరం.

ఇక అసలు చిక్కు. ఈ సమానత్వమంతా గేటు లోపలే కదా? అవును, దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. సంచిలో 14 కర్రల వరకు పెట్టుకోవచ్చు, వాటి ఖరీదుకు కొన్ని ఇళ్ళలో పెళ్ళే అయిపోతుంది. ఆ సంచి మోసే క్యాడీకి నేల వాలు ఆటగాడి కన్నా బాగా తెలుసు, అయినా స్కోరుకార్డు మీద అతని గడి ఉండదు. ఆ అర్థంలో ఆటలో అరటిపండు అతనే. నేల సంగతి మరీ సున్నితం. నయా ఖిలాలో కుతుబ్ షాహీల నాటి తోట ఆనవాళ్ళు పురావస్తు శాఖ తవ్వకాల్లో బయటపడ్డాయి. నాలుగు వందల ఏళ్ళ నాటిదని చెప్పుకునే ఆఫ్రికా బావోబాబ్ చెట్టు, 'హాతియాఁ కా ఝాడ్', ఇక్కడే ఉంది. మొదలు చుట్టుకొలత 25 మీటర్లు దాటుతుంది. బోలుగా ఉన్న దాని కడుపులోకి మనుషులు దిగొచ్చు. ఇలాంటి చోట గోల్ఫ్ ఏమిటని వారసత్వ ప్రేమికులూ చుట్టుపక్కల వాళ్ళూ ఏళ్ళుగా అడుగుతున్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. గడ్డి ఉండబట్టే ఆ నేల కాంక్రీటు కాకుండా మిగిలిందనే సమాధానం వినిపిస్తుంది గానీ, అది సగం నిజం. కాపాడినవాడికి కాపలా హక్కు వస్తుందేమో, సొంతదారు హక్కు రాదు. బలహీనుడికి 16 దెబ్బలు వదలడం నేర్పిన ఆట, స్కోరుకార్డే లేని బాటసారికి కాస్త దారి వదలడం నేర్పకపోతే నా వాదన అక్కడే ఓడిపోతుంది.

కాబట్టి అక్కడ ఆడే మిత్రద్వయాలకు ఒక మనవి. బంతి మనుషుల వైపు పోతే "ఫోర్!" అని అరవాలని మీకు తెలుసు. చెట్టు చూద్దామని పిల్లాజెల్లాతో వచ్చినవాళ్ళకు తెలియదు. మన ఊళ్ళో ఆ మాట వింటే ఎవరూ తల దాచుకోరు, బౌండరీ ఎవరు కొట్టారా అని తలెత్తి చూస్తారు. అందుకని వాళ్ళు దాటేదాకా కర్ర ఎత్తకండి.