నేను గీఁకివేసిన నాచు

శుభ్రత మంచిదని యెల్లరు నెఱుఁగుదురు. కాని దేనిని మైల యందుమో, ఏల యందుమో విచారింపక చీపురు చేతఁబట్టినవాఁడు చెత్తతోఁగూడ ఇంటిదీపమును సైతము ఊడ్చివేయును. ఈ మాట యెవ్వరికో బుద్ధి చెప్పుటకై వ్రాయుటలేదు. నా యింటిలో నా చేతులార నేను చేసినపనిని బట్టి వ్రాయుచున్నాను.

నేను టెక్సాసు రాష్ట్రమందలి డల్లాసు నగరమునఁ గాపురముండువాఁడను. సముద్రము మాకు వందలకొలఁది మైళ్ల దూరమున నున్నది. ఉద్యోగము చాలించిన పిదప ప్రొద్దుపుచ్చుటకై 150 లీటర్ల గాజుతొట్టి యొకటి కొని, లీటరునకు 35 గ్రాముల చొప్పున సముద్రపు టుప్పు కలిపిన నీరు నింపి, ఫ్లారిడా తీరమునుండి తెప్పించిన జీవశిలల నందుంచితిని. సహజములైన దిబ్బలనుండి శిలలు తీయుట యచ్చట 1990 దశకమున నిషేధింపఁబడెను. కావున నిప్పుడు గుల్లరాళ్లను సముద్రమున దించి, కొన్నియేండ్లకు వానిపై జీవులు కుదిరిన పిమ్మట పైకిఁ దీసి యమ్ముచున్నారు. కొన్ని వారములు కనిపెట్టి, నీటిలోని అమోనియా యడఁగినదని తేల్చుకొని, నారింజవన్నె గల క్లౌన్ చేపలను రెంటిని విడిచితిని.

మూఁడవమాసమున తొట్టి రూపు మాఱెను. ఇసుకపై గోధుమవన్నె పొర క్రమ్మెను. రాళ్లమీఁద గులాబివన్నె మచ్చలు లేచెను. రాళ్ల క్రిందను, నీరు వడగట్టు చీఁకటి యఱలోను మల్లెమొగ్గలకంటెఁ జిన్నవైన తెల్లని బుడిపెలు పుట్టెను. నా కన్ని యును పాచిగానే కనఁబడెను. తొట్టి చూడవచ్చు మిత్రులు నన్ను సోమరి యందురేమో యను సిగ్గు నన్ను బాధించెను. ఒక యాదివారమున రాళ్లన్నియుఁ బైకిఁ దీసి, కొళాయినీటఁ గడిగి, కుంచెతోఁ దోముచుంటిని. నా భార్య చూచి, "సముద్రములో రాళ్ల నెవరు తోముచున్నారండీ?" అని యడిగెను. నేను నవ్వి యూరకుంటిని.

తొట్టి యద్దమువలె మెఱసెను. మూఁడవనాఁ డొక చేప చచ్చెను. రెండవది నీటిపైకి వచ్చి రొప్పుచుండెను. నీటిని పరీక్షింపఁగా అమోనియా మరల తలయెత్తియుండెను. సగమునీరు మార్చి, దినదినము కనిపెట్టి, దాని నెట్లో బ్రతికించుకొంటిని. అప్పుడు గాని పుస్తకము విప్పనైతిని.

చదువఁగాఁ దెలిసినది యిది. చేపల మలమునుండి పుట్టు అమోనియా విషము. దానిని నైట్రైటుగను, నైట్రైటును నైట్రేటుగను మార్చు సూక్ష్మజీవులు రాళ్లపై నివసించును. కొళాయినీటిలోని క్లోరిను వానిని జంపెను. గోధుమపొర డయాటములు, నీటియందలి సిలికా తఱిగినచోఁ దమంతఁ దామే పోవలసినవి. గులాబిమచ్చలు సున్నపునాచు. ఇది నీటిలోని కాల్సియమును గ్రహించి తన దేహమును ఱాయిగాఁ జేసికొనును. సముద్రమున నలల దెబ్బకు విడివడఁబోవు దిబ్బను సున్నము పెట్టి యదికినట్లు అదికి నిలుపును. పగడపు పిల్లలు తేలివచ్చి కుదురుకొనుటకుఁ జోటిచ్చును. తొట్టిలో లీటరునకు 400 మొదలు 450 మిల్లిగ్రాములవఱకుఁ గాల్సియముండినఁ జాలును, తక్కినది యోర్పు.

తెల్లని బుడిపెలు స్పంజికలు. వీనికి నోరు లేదు, గుండె లేదు, నరములు లేవు. దేహమంతయు రంధ్రములే. లోపలి కణములు సన్ననికొరడాల నాడించి నీటిని లోనికిఁ బీల్చి, అందలి సూక్ష్మజీవులను భుజించి, తేటనీటిని బైటికి విడుచును. ఒక దినమున స్పంజిక తన దేహపరిమాణమునకుఁ గొన్నివేల రెట్లు నీటిని వడగట్టఁగలదు. నీటనుండి పైకిఁ దీసిన గాలి రంధ్రములఁ జొచ్చి తఱచుగాఁ జచ్చును. నేను వానిని గంటసేపు బల్లపై నుంచితిని. చచ్చి క్రుళ్లినవియే నా తొట్టి విషమును మఱింతఁ బెంచి యుండును.

పగడపుదిబ్బల చుట్టునుండు నీరు పోషకములు మిక్కిలి తక్కువగాఁ గలది. అంతటి బీదనీట నిన్ని జీవు లెట్లు బ్రతుకుచున్నవన్న చిక్కునకు శాస్త్రజ్ఞులు డార్విను పేరు పెట్టిరి. కురసావో ద్వీపమునఁ బరిశోధించినవారు 2013 లో ఒక సమాధానమును బ్రకటించిరి. నీటఁ గరఁగి వృథాగాఁ బోవు సేంద్రియపదార్థమును స్పంజికలు గ్రహించి, తమ కణములను వెంటవెంట రాల్చునఁట. ఆ రాలిన తునుకలే తక్కిన చిన్నజీవుల కాహార మగును. చీఁకటిపగుళ్లలో దాఁగియున్న ప్రాణి యూరికంతకు వంటశాల!

నాచంతయు మంచిదే యని చెప్పరాదు. వెండ్రుకలవంటి నాచు పెరిగినఁ బగడములను గప్పివేయును. కాలెర్పా యనునది యొక్కొకప్పు డొక్కరాత్రిలోఁ గరఁగి నీటిని జెఱచును. తొట్లలోఁ బెంచిన దాని వంగడ మొకటి 1984 లో మొనాకో తీరమునఁ గనఁబడి, మధ్యధరాసముద్రమున విస్తరించి కీడుచేసెను. కావునఁ దొట్టినీటిని గాలువలోఁ బాఱఁబోయరాదు. నే నిప్పుడు చిక్కుపడిన పచ్చనూలువంటి కీటోమార్ఫాను ప్రక్క యఱలోఁ బెంచి, రాత్రివేళ దీప మిచ్చుచున్నాను. అది నైట్రేటును, ఫాస్ఫేటును దినును. నెలకొకమాఱు సగము త్రెంచి పాఱవైచిన, ఆ మలినము తొట్టిని విడిచి పోవును. ఆఱుమాసములకు గులాబిమచ్చలు మరల వచ్చినవి. తెల్లమొగ్గలును జీఁకటియఱలో మరలఁ బూచినవి.

ఒకనాఁటి రాత్రి వానిని దీపముతోఁ జూచుచుండఁగా, 1960 దశకమున ఏలూరిలో మా యింటి పెరటిగోడకున్న చిన్నతలుపు జ్ఞప్తికి వచ్చెను. ప్రతియుదయము నొక స్త్రీ యా తలుపున వచ్చి, మా పాయిఖానాను బాగుచేసి, తట్ట నెత్తిన బెట్టుకొని పోయెడిది. ఆమె నడిచినచోట మా నాయనమ్మ నీళ్లు చల్లించెడిది. ఇంటిని శుభ్రపఱచు మనిషిని మైలయనియు, ఇంటిని మైలపఱచు మమ్ము శుద్ధులమనియు మేము నమ్మితిమి. బుద్ధి తలక్రిందైన తోవ నాఁటికిని నేఁటికిని నా కొక్కటియే.

చదువరులారా, ఈ పోలిక నింతకుమించి సాగదీయఁబోను. సాగదీసినఁ బాప మగును. స్పంజికకుఁ జీఁకటి స్వభావము. ఆమెకు మేము విధించితిమి. స్పంజికకు మలినము భోజనము. ఆమెకు మేము మిగిలిన యన్నమును దూరమునుండి వేసితిమి. ఎవరి ధర్మము వారిదని ప్రకృతిని సాక్ష్యమునకుఁ బిలుచువారు మనలోఁ బెక్కురు. ప్రకృతి యట్టి సాక్ష్య మీయదు. తొట్టిలో నే జీవియుఁ దనకు మేలుచేయు జీవిని మైలయని వెలివేయలేదు. ఆ పని చేసినవాఁడను నేనే. 1993 లోను, 2013 లోను ఆ పనిని నిషేధించుచుఁ జట్టములు వచ్చినవి; ఐనను మురుగుగోతులలో దిగి మనుష్యులు చచ్చుట యింకను మానలేదు. గొట్టములును యంత్రములును చేయఁదగిన పనికి మనుష్యుని ప్రాణమును బెట్టుట మనకుఁ దప్పుగాఁ దోఁచకపోవుటకుఁ గారణము, ఆ చిన్నతలుపు మన మనస్సులో నింకను మూయఁబడకుండుటయే.

నా తొట్టిలోని తెల్లమొగ్గలకు సైకాన్ అని పేరు. పుస్తకములు వెదకి వెదకి నేర్చుకొంటిని. పండ్రెండేండ్లు మా యింటికి వచ్చిన యామె పేరు మాత్రము నే నెన్నఁడు నడుగలేదు.