వైడూర్యం సీసా

మొన్న శ్రావణ పౌర్ణమికి మా అక్క కొడుకు జపాన్ నుంచి వచ్చాడు. షోలాపూర్ పద్మశాలీలకు ఆ రోజు ఎంతటిదో మన పాఠకులకు చెప్పనక్కర్లేదు. కొత్త జంధ్యాలు, మార్కండేయస్వామి రథం, ఎక్కడెక్కడి చుట్టాలూ దిగడం. ఆ సందడంతా అయిన మర్నాటి సాయంత్రం, దాజీపేటలో మా మిద్దె మీద కూర్చుని ఉండగా సంచీలోంచి రెండు సీసాలు తీశాడు. బీరు!

కుటుంబ పత్రికలో బీరు సంగతేమిటని పెద్దలు కోప్పడకండి. నేను 17 ఏళ్ళు మిలిట్రీలో చేసినవాణ్ణి. లడఖ్ చలిలో రమ్ము మాకు కషాయం లాంటిది. బీరు మాత్రం నాకెప్పుడూ రుచించలేదు.

"ఇది వేరు మామా, చూడు" అన్నాడు. నీలం లేబులు. పేరు రురి. మన వైడూర్యమనే మాటే బౌద్ధంతో పాటు చైనా మీదుగా వెళ్ళి అక్కడ రురి అయిందట. టోక్యోకు దగ్గర్లోని కవగోయెలో కోఎడో అనే చిన్న కంపెనీ చేస్తుంది. 1994 దాకా ఏడాదికి 20 లక్షల లీటర్లు కాయగలవాడికే జపాన్‌లో బీరు లైసెన్సు. ఆ ఏడు దాన్ని 60 వేల లీటర్లకు దించారు. అంతే, ఊరూరా చిన్న బట్టీలు లేచాయి. నాలుగు సాంచాలవాడికి కూడా మిల్లు యజమాని హోదా ఇచ్చినట్టన్నమాట.

కవగోయె కూడా ఒకప్పుడు నేతగాళ్ళ ఊరే. అక్కడి చారల నూలు బట్టను తోజాన్ అంటారు. మద్రాసు పక్కనున్న శాంథోమ్ పేరే అలా మారిందట. మన కోరమాండల్ తీరం నుంచి ఓడల్లో వెళ్ళిన చారల బట్టను చూసి వాళ్ళు నేయడం నేర్చారు. వాడు మగ్గాలు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు కాబట్టి ఇలాంటివి ఏరుకొస్తాడు.

స్టీలు గ్లాసుల్లో పోశాడు. పక్కన కడక్ భాకరీ, షేంగా చట్నీ. మొదటి గుక్క చల్లగా, తేలిగ్గా దిగింది. మింగాక నాలుక చివర సన్నటి చేదు. చట్నీ కారం తగలగానే ఆ చేదు తియ్యబడింది. ఇది లాగర్ రకమని, చల్లటి తొట్లలో వారాల తరబడి కదలకుండా ఉంచితేనే ఈ నెమ్మది వస్తుందని వాడు చెప్పాడు. జర్మన్‌లో లాగర్ అంటే సరుకు దాచే చోటట.

నాకు రిజర్వు జాబితా గుర్తొచ్చింది. 1997లో పించను కాగితాలు చేతికిస్తూ, అవసరమైతే పిలుస్తామన్నారు. కార్గిల్ అప్పుడు రెండు నెలలు తలుపు చప్పుడైతే చాలు, లేచి నిలబడేవాణ్ణి. పిలుపు రాలేదు.

"అసలెందుకు వదిలేశావు మామా? ఇంకో ఏడేళ్ళు ఉంటే సుబేదారువయ్యేవాడివిగా?"

తాతయ్య కోసం అనబోయాను. పాతికేళ్ళకు పైగా అందరికీ అదే చెప్పాను. నాన్నకు దగ్గు, సాంచాలు చూసేవాళ్ళు లేరు, అందుకే వచ్చేశానని. ఏమయిందో, ఆ రోజు అబద్ధం నోటికి రాలేదు. రమ్మని నాన్న ఎప్పుడూ రాయలేదు. నేనే అలిసిపోయాను. మంచులో మరో చలికాలం గడపడానికి భయపడ్డాను. అంతే.

నాన్నకు మొదట్నుంచీ యూనిఫాం పడదు. 1930 మే నెలలో, గాంధీగారిని పట్టుకుపోయాక, రూపాభవాని వైపు జనం సిందీ చెట్లు, అంటే మన ఈత చెట్లు, నరకబోయారు. పోలీసులు కాల్చారు. మే 12న ఊళ్ళో మార్షల్ లా పెట్టారు. మరుసటి జనవరి 12న ఎరవాడ జైల్లో నలుగురిని ఉరితీశారు: మల్లప్ప ధనశెట్టి, కిసన్ సారడా, కుర్బాన్ హుసేన్, జగన్నాథ్ శిందే. మా గల్లీల్లో సోల్జర్లు తిరగడం తాత కళ్ళారా చూశాడు. అందుకే నేను భర్తీ అయిన రోజున నాన్న అన్నం తినలేదు. కానీ నా మనియార్డర్లతోనే ఈ మిద్దె లేచింది.

నల్ల పెట్టె నెత్తిన పెట్టుకుని నేను గుమ్మంలోకి వచ్చిన రోజు నాన్న సాంచా ఆపలేదు. ఆ చప్పుడులోనే అరిచాడు: "నిన్నెవలు రమ్మన్నర్రా? సాంచా రమ్మన్నదా?"

నాకు నేత రాలేదు. తెగిన పడుగు పోగు అతికేసరికి పక్క సాంచాలో కండె అయిపోయేది. నాన్న పోయాక 2011లో నాలుగింటినీ తూకానికి అమ్మేశాను. కిలోల లెక్క రాసిన చీటీ డిశ్చార్జి బుక్కులోనే పెట్టాను.

వాడు ఏమీ అనలేదు. రెండో సీసా మూత తీసి నా గ్లాసులో కొంచెం ఎక్కువే పోశాడు. కన్నా చౌక్ వైపు ఎవరిదో సాంచా ఇంకా ఆడుతోంది. చప్పుడును బట్టి చద్దరు కాదు, టవల్ అని వాడన్నాడు. నేను చద్దరే అన్నాను. ఇంతలో కింద నుంచి అక్క కేకేసింది: "ఆ నీలం సీసాలు పారేయకుండ్రి, నూనెకు పనికొస్తయి!"