పగటి నిద్రకు ఒక గది

ఇల్లు కడుతున్నామని తెలియగానే భిలాయిలో ఎవరైనా అడిగే మొదటి మాట, "ఎలివేషన్ అయిందా?" అని. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. గదులెన్ని, గాలి ఎటునుంచి వస్తుంది, నీళ్ళు ఎంత లోతులో పడ్డాయి, ఇవేవీ అడగరు. రోడ్డున పోయేవాడికి ఇల్లు ఎలా కనబడుతుందో అదొక్కటే కావాలి. స్మృతినగర్, నెహ్రూనగర్, జునవాని వైపు ఓ సాయంత్రం నడిచి చూడండి. ఇంటిముందు నల్లద్దం, దాని చుట్టూ చెక్కను తలపించే పలకలు, పైన దేన్నీ మొయ్యని సిమెంటు చట్రం. ఆ అద్దం తెరుచుకోదు. మే నెలలో నలభై అయిదు డిగ్రీల ఎండ కాసే ఊళ్ళో పడమటి గోడకు తెరుచుకోని అద్దం బిగించి, అది లోపలికి తెచ్చిన వేడిని బయటికి పంపడానికి ఏసీలు కొంటున్నారు. డబ్బున్నవాళ్ళు కొంటారు సరే, అప్పుచేసి కట్టినవాళ్ళు కూడా అదే పని చేస్తుంటే చూడలేకపోతున్నాను.

ఫోనులో బొమ్మ చూపిస్తే ఎలివేషన్ గీసిచ్చే దుకాణాలు ఇప్పుడు వీధికొకటి ఉన్నాయి. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదు కానివాళ్ళు ఆర్కిటెక్టునని చెప్పుకోకూడదు. అయితే ఆ చట్టం కాపాడేది పేరునే గాని పనిని కాదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి ఇంటి ప్లాను ఎవరైనా గియ్యొచ్చు. గియ్యనివ్వండి. గీసేముందు ఇంట్లోవాళ్ళను ఒక్క ప్రశ్నైనా అడగాలి కదా.

మాకు ప్లాను గీసిన అమ్మాయి మొదటిరోజు అసలు గీతే గియ్యలేదు. ఈ ఊళ్ళోనే పుట్టిపెరిగిన తెలుగు పిల్ల. మాట్లాడుతూ మాట్లాడుతూ హిందీలోకి వెళ్ళిపోతుంది. మంచినీళ్ళు తాగి నోటుబుక్కు తెరిచి, "అంకుల్, మీ ఇంట్లో ఎవరు ఏ టైముకి పడుకుంటారు?" అంది.

ఆ ప్రశ్న నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. మా అబ్బాయి ఇక్కడి ఉక్కు ప్లాంటులో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. నైట్ షిఫ్టు వారమంతా పొద్దున్న ఏడింటికి పడుకుని మధ్యాహ్నం రెండింటికి లేస్తాడు. ఊరంతా మేలుకుని ఉండే వేళ, ఎండ మండే వేళ, వాడికి చీకటీ చల్లదనమూ కావాలి. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఆనాటినుంచీ ఈ ఊళ్ళో వేలమంది పగలు నిద్రపోతూనే ఉన్నారు, ఎందుకంటే రాత్రయిందని కొలిమిని ఆర్పడం కుదరదు. ఇన్నేళ్ళలో పగటి నిద్రకని ఒక గది గీసిన ప్లాను నా కంటపడలేదు. మాస్టర్ బెడ్‌రూమ్, కిడ్స్ బెడ్‌రూమ్, గెస్ట్ బెడ్‌రూమ్ అని రాస్తారు. చుట్టం ఏడాదికి ఎన్నిసార్లు వస్తాడు? నైట్ షిఫ్టు నెల తిరక్కుండా వస్తుంది.

ఆ అమ్మాయి మా అబ్బాయి పడుకునే గదిని ఉత్తరం వైపుకు తీసుకెళ్ళింది. తూర్పున స్టోరు అడ్డం పెట్టింది. హాలుకూ ఆ గదికీ మధ్య గోడ పొడవునా బీరువాలు పెట్టించింది, టీవీ మోత, మిక్సీ మోత అటు పోకుండా. ఉత్తరపు గోడకు ఎండ తగలదని ఇక్కడ అందరి నమ్మకం. కానీ భిలాయి ఇరవై ఒకటో అక్షాంశం దాటి కొద్దిగా పైన, కర్కటరేఖకు దిగువన ఉంది. అందుకని మే నెలాఖరు నుంచి జూలై మధ్యదాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికే ఉంటాడట. కాబట్టి ఆ కిటికీకీ సన్‌షేడు వేసింది. ఇలాంటి సంగతి ఎలివేషన్ దుకాణంలో ఎవరు చెబుతారు?

ఇక కూలరు. ఛత్తీస్‌గఢ్‌లో వేసవి అంటే కూలరే. మార్చి చివర గడ్డి మార్చడం, మోటారుకు నూనె పెట్టడం, ఇవి ఇక్కడ ఉగాది పచ్చడి అంత తప్పనిసరి. అయినా ప్లానులో కూలరుకు చోటు ఉండదు. గృహప్రవేశం అయ్యాక ఇనుప యాంగిల్ స్టాండొకటి వెల్డింగు చేయించి కిటికీకి వేలాడదీస్తారు, పైపు వంటింట్లోంచి లాగుతారు. కిటికీ మొత్తం మూసుకుపోతుంది. కూలరు బయటి పొడిగాలిని తడిగడ్డిలోంచి లాగి లోపలికి పంపుతుంది. లోపలి గాలి బయటికి పోవడానికి ఎదురుగా దారి లేకపోతే గది ఉక్కపోసి, పరుపులు చెమ్మగిల్లుతాయి. ఈ అమ్మాయి ప్రతి పడగ్గదికీ కిటికీ పక్కనే కూలరుకు వేరే గూడు, దానికి కొళాయి, నీళ్ళు పోయే తూము, ఎదురుగోడకు పైన తెరుచుకునే చిన్న కిటికీ గీసింది. తొలి వానలు పడ్డాక కూలరు పనికిరాదు, గాలిలో తేమ పెరిగిపోతుంది. అప్పుడు ఆ గూటికి తలుపు వేసెయ్యొచ్చు. ఈ గూడు గురించి నేను ఎంతమందికి చెప్పానో! నా మాట విని ఒక మిత్రుడు కడుతున్న గోడను కొట్టించి మరీ పెట్టించుకున్నాడు. ఈ ప్రాంతంలో ఇల్లు గీసేవాళ్ళందరికీ కూలరు గూడు ఒక నియమం కావాలని నా కోరిక.

మా స్థలానికి పడమటి ముఖం. సాయంత్రపు ఎండ వాలుగా వస్తుంది కాబట్టి సన్‌షేడు దాన్ని ఆపలేదు. అందుకని ముందువైపు మెట్లూ, లోతైన వరండా, జాలీ ఇటుకల గోడా వచ్చాయి. గోడను ర్యాట్ ట్రాప్ బాండులో కట్టమంది. ఇటుకను పక్కకు నిలబెట్టి మధ్యలో గాలిఖాళీ వదులుతారు. ఇటుక నాలుగోవంతు దాకా మిగులుతుంది, వేడి ఆగుతుంది. బర్మింగ్‌హామ్‌లో పుట్టి తిరువనంతపురంలో స్థిరపడ్డ లారీ బేకర్ మనదేశంలో దీన్ని వాడుకలోకి తెచ్చారు. మేస్త్రీ మొదట మొరాయించాడు. ఆ అమ్మాయి రెండు వరసలు తనే పేర్చి చూపించింది. వాస్తు సంగతి మా బావమరిది విజయనగరం నుంచి ఫోనులో చూసుకున్నాడు, పెద్ద పేచీ రాలేదు.

చూసినవాళ్ళంతా "ఇదేంటండీ, పాత క్వార్టరులా ఉంది" అంటున్నారు. అలా ఉండడంలో తక్కువేముంది? సెక్టార్ 5లో చిన్నప్పుడు మేమున్న ప్లాంటు క్వార్టరు గీసినవాళ్ళెవరో గాని, వెనక ఆంగన్ ఇచ్చారు. పైన ఆకాశం, చుట్టూ గోడ, ఓ మూల కొళాయి. నాన్న కోక్ ఓవెన్స్‌లో చేసేవారు. ఆయన నైట్ చేసి పడుకుంటే అమ్మ సంసారమంతా ఆంగన్‌లోకి మార్చేసేది. రుబ్బురోలు అక్కడే, బట్టలు అక్కడే, మా ఎక్కాలు అక్కడే, అదీ నోరు కదలకుండా. పాలవాడు వెనక సందులోంచి వచ్చేవాడు. ఎవరింట్లో ఎవరికి నైట్ షిఫ్టో సందు సందంతటికీ తెలుసు. పక్కింటి బెంగాలీ ఆంటీ గోడవారగా నిలబడి అమ్మతో సైగలతోనే సగం మాట్లాడేది.

ఆ గోడ మీదుగా గిన్నెలు వచ్చేవి, పోయేవి. వేసవిలో పార్వతీపురం నుంచి మావయ్య రైల్లో మామిడికాయల బస్తా తెచ్చేవాడు. ఆంగన్‌లోనే కాయలు కొట్టించి, తుడిచి, అమ్మ ఆవాలు ఎండబెట్టి రోట్లో దంచేది. ఆ ఘాటుకు ఆంటీకి తుమ్ములు వచ్చినా కదిలేది కాదు. వాళ్ళూ ఆవతో బతికేవాళ్ళే. పచ్చిమామిడితో కాసుందీ పెడతారు. ఆవాలు నానబెట్టి, ఉప్పూ పచ్చిమిర్చీ వేసి తడిగా నూరాలని ఆవిడ వాదన. ఆవపిండికి నీటిచుక్క తగిలితే జాడీ మొత్తం పాడని అమ్మ వాదన. ఆవిడ కాసుందీ మాకిచ్చేది, మేం ఆవకాయ ఇచ్చేవాళ్ళం. మూడోరోజు తిరగ్గలిపి, కాయ ఊటలో ఆవ విచ్చుకున్నాకనే పంపాలని అమ్మ పట్టు. అంతకుముందు తింటే చేదు తగిలి మన ఆవకాయ ఇంతేనా అనుకుంటారని అమ్మ భయం. మా అబ్బాయి పెళ్ళిలో కనిపించినప్పుడు కూడా ఆంటీ, పొడి కొడితే ఆవ ప్రాణం పోతుందనే అంది. ఆవిడంటే నాకెంతో గౌరవం, కాసుందీ అంటే ప్రాణం, చేపకు దాన్ని మించింది లేదు. ఆవకాయకు మాత్రం పొడి ఆవపిండే పడాలి, అదీ ఆ పూట దంచిందే, పైన నువ్వులనూనె. ఈ మధ్య దుకాణాల్లో అమ్మే ఆవపిండి పొట్లాలతో పెట్టిన ఆవకాయ నేను ముట్టను.