పొట్ట మీద పడిన రోజు

మాది హుజూర్‌నగర్ దగ్గర ఒక పల్లె. నడుముకు బెండు కట్టి మా చిన్నాయన నన్ను మోటబావిలోకి తోశాడు. నాలుగు రోజులకే ఈత వచ్చేసింది. హాస్టల్‌లో చేరేనాటికి నన్ను మించిన ఈతగాడు లేడని నా గర్వం.

తొమ్మిదో తరగతిలో మా పి.ఇ.టి. సార్ నన్ను హైదరాబాద్‌కు పోటీలకు తీసుకుపోయారు. 50 మీటర్ల ఫ్రీ స్టైల్. అడుగున గీతలు కూడా కనబడేంత తేటనీళ్లు. నిలబడడానికి ముందుకు వాలిన దిమ్మె, దాన్నే స్టార్టింగ్ బ్లాక్ అంటారు. "టేక్ యువర్ మార్క్స్" అనగానే అందరూ వంగి అంచు పట్టుకున్నారు. నేనూ వంగాను. కూత వినగానే బావిలోకి దూకినట్టే పైకి ఎగిరి దూకాను. పొట్ట చెళ్లుమంది. తల ఎత్తేసరికి అందరూ చాలా ముందున్నారు. ప్రాణం పెట్టి ఈదినా చివరివాణ్ణే అయ్యాను. ఎవరో నవ్వారు. ఆ నవ్వు హుజూర్‌నగర్ బస్సు దిగేదాకా నా చెవుల్లోనే ఉంది.

మర్నాడు మా ఫిజిక్స్ సార్‌కు చెప్పుకుని ఏడ్చాను. "నువ్వు ఈతలో ఓడలేదురా, దూకుట్ల ఓడినవ్" అని బోర్డు మీద బొమ్మ గీశారు. న్యూటన్ మూడో నియమం మాకు పరీక్షలో వచ్చే ప్రశ్న మాత్రమే. ఆ రోజు అది నా కాళ్లకు అర్థమైంది. మనం దిమ్మెను వెనక్కి ఎంత గట్టిగా తంతే అది మనల్ని అంత గట్టిగా ముందుకు తోస్తుంది. నేనేమో కిందికి తన్ని పైకి ఎగిరాను. గాలిలోకి లేచాక పట్టు దొరకదు, ఇక ముందుకు పోయే వేగం పెరగదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో బ్లాకుల మీద వెనక కాలు ఆనించడానికి వాలు పలక పెట్టింది కూడా ఆ తోపు కోసమేనట.

నీళ్లు గాలి కంటే దాదాపు 800 రెట్లు చిక్కన. అందుకే చేతులు దిగిన చోటే తల, నడుము, పాదాలు దిగాలి. పోటీలో ఈతగాడి వేగం అన్నిటికన్నా ఎక్కువ ఉండేది నీళ్లలోకి దిగే ఆ క్షణంలోనే. వెంటనే చేతులు ఆడిస్తే ఆ వేగం పాడవుతుంది. బాణంలా సాగి, వేగం తగ్గుతుండగా కాళ్లు ఆడించాలి. ఫ్రీ స్టైల్‌లో 15 మీటర్లలోపు తల పైకి రావాలి.

రేపల్లె ప్రాంతపు పల్లె నుంచి వెళ్లిన షంషేర్ ఖాన్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఈదారని కూడా సారే చెప్పారు. నాకు మళ్లీ ఆశ పుట్టింది. లాంగ్ జంప్ ఇసుకలో రోజూ తన్నుడు సాధన చేశాను.

కానీ నన్ను చూసి మా హాస్టల్ తమ్ముడొకడు సెలవు రోజున కాల్వలో తలకిందులుగా దూకాడు. నీళ్లు నడుము లోతే. నుదురు చిట్లింది, కుట్లు పడ్డాయి. "అన్నా, నువ్వు చెప్పినట్టే దూకిన" అన్నాడు. పోటీలో విన్న నవ్వు కంటే ఆ మాట నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఎలా దూకాలో చెప్పాను గానీ, ఎక్కడ దూకకూడదో చెప్పలేదు. బ్లాకులున్న కొలనులో గోడ దగ్గర కనీసం 1.35 మీటర్ల లోతు ఉండాలని నిబంధన. మన కాల్వకు, చెరువుకు ఆ లెక్క లేదు. నిన్నటి లోతు ఇవాళ ఉండదు. అడుగున రాయి ఉన్నా కనబడదు. మెడ విరిగితే జీవితాంతం మంచమే.

మరుసటి ఏడు మళ్లీ పోటీకి వెళ్లాను. అయిదో స్థానం వచ్చింది. పతకం రాలేదు గానీ పొట్ట మీద పడలేదు, ఎవరూ నవ్వలేదు. తిరిగొచ్చాక నుదుటి మీద మచ్చ ఉన్న ఆ తమ్ముడే ముందుగా ఎదురొచ్చి, "అన్నా, ఈసారి మంచిగ దూకినవా?" అని అడిగాడు.

తమ్ముళ్లారా! గెలుపు మొదటి తన్నులోనే ఉంది, నిజమే. కానీ లోతు తెలియని నీళ్లలో కాళ్లతోనే దిగండి. తలతో దూకడం తర్వాత నేర్చుకోవచ్చు.