కోయ్, వాన్స్, నేను

నారింజ రంగు కారు గాల్లోకి లేస్తుంది. వాగు దాటి అవతల ఒడ్డున పడేటప్పుడు దాని ముక్కు నేలకి గుద్దుకుని, బానెట్ మడత పడటం స్పష్టంగా కనిపిస్తుంది. వెంటనే కట్. తర్వాతి షాట్‌లో అదే కారు ఒంటి మీద గీత కూడా లేకుండా దుమ్ము రేపుకుంటూ పోతుంటుంది. లోపల హీరోలిద్దరూ నవ్వుతుంటారు.

ఇలాంటి ముక్కల్ని నేను వెనక్కి తిప్పి తిప్పి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. షో పేరు ద డ్యూక్స్ ఆఫ్ హజార్డ్. అమెరికాలో సీబీఎస్ ఛానల్లో 1979 నుంచి 1985 దాకా వచ్చింది, అంటే మా నాన్న నిక్కర్లేసుకున్న రోజుల్లో. నాకెలా తెలిసిందంటే, అట్లాంటా దగ్గర ఉండే మా బాబాయి వాళ్లు ఒక ఆదివారం కోవింగ్టన్ అనే చిన్న ఊరికెళ్లి ఫ్యామిలీ గ్రూపులో ఫొటోలు పెట్టారు. మొదటి ఐదు ఎపిసోడ్లు అక్కడా, ఆ చుట్టుపక్కలా తీశారు. తర్వాత షూటింగ్ కాలిఫోర్నియాకి మార్చేశారు. అందుకే జార్జియా పల్లెటూరి వెనకాల ఉన్నట్టుండి ఎండిపోయిన కొండలు మొలుస్తాయి. కథలో ఎవరూ వాటి గురించి అడగరు.

కథ పెద్దగా ఏం లేదు. బో, లూక్ అనే ఇద్దరు కజిన్స్ (మన లెక్కలో అన్నదమ్ములే), ఊరిని మింగేసే బాస్ హాగ్, అతను చెప్పినట్టల్లా ఆడే షెరీఫ్ రాస్కో, వారం వారం ఛేజింగు. కారు 1969 మోడల్ డాడ్జ్ చార్జర్. దాని పేరు జనరల్ లీ, టాప్ మీద కాన్ఫెడరేట్ జెండా. బానిసత్వాన్ని నిలబెట్టుకోవడానికి యుద్ధం చేసిన వాళ్ల జెండా అది. 2015లో టీవీ ల్యాండ్ ఛానల్ ఈ షో రీరన్లు ఆపేసింది. ఈ వ్యాసం దాని గురించి కాదు. కానీ చెప్పకుండా దాటేస్తే నేనూ ఒక కట్ కొట్టినట్టే అవుతుంది.

ఆ కార్ల సంగతి కొంచెం చెప్పాలి. ఒకసారి పెద్ద జంప్ చేసిన కారు మామూలుగా మళ్లీ పనికిరాదు. ఇంజన్ బరువంతా ముందుంటుంది కాబట్టి గాల్లో ముక్కు కిందికి వాలుతుంది, అది ఆపడానికి డిక్కీలో బరువులు పెట్టేవాళ్లు. అయినా ఫ్రేమ్ వంగిపోయేది. ఏడు సీజన్లకి మొత్తం 300కు పైగా కార్లు ఖర్చయ్యాయంటారు. మొట్టమొదటి పెద్ద జంప్ 1978 నవంబరులో జార్జియాలోని ఆక్స్‌ఫర్డ్ కాలేజీ ఆవరణలో తీశారు, ఒక పోలీసు కారు మీదుగా. ఆ కారు పని ఆ రోజుతోనే అయిపోయింది, దాని దూకుడు మాత్రం టైటిల్స్‌లో వారం వారం కనిపిస్తూనే ఉండేది. చివరి సీజన్‌కి వచ్చేసరికి ఖర్చు తగ్గించుకోవడానికి బొమ్మ కార్లని ఎగరేశారు. అవి చూస్తే మాత్రం నవ్వు ఆగదు.

అందరూ బానెట్ మడత పడిన షాట్‌ని తప్పు అంటారు. నాకలా అనిపించదు. కారు నిజంగానే విరిగింది. విరగనట్టు చూపించిన తర్వాతి షాట్‌తోనే నాకు పేచీ.

ఇక మనుషుల్ని మార్చడం. 1982లో బోగా వేసిన జాన్ ష్నైడర్, లూక్‌గా వేసిన టామ్ వోపాట్ షో వదిలి వెళ్లిపోయారు. షో పేరుతో బొమ్మ కార్లు, లంచ్ బాక్సులు లాంటివి తెగ అమ్ముడుపోతున్నాయి, అందులో తమకి రావాల్సిన వాటా సరిగ్గా ఇవ్వట్లేదని గొడవ. నిర్మాతలు ఏం చేశారంటే, బైరన్ చెర్రీ, క్రిస్టఫర్ మేయర్ అనే ఇద్దరు కొత్తవాళ్లని తెచ్చి కోయ్, వాన్స్ అని పేర్లు పెట్టారు. ఒకడికి బోలాగే బంగారు రంగు జుట్టు, ఇంకొకడికి లూక్‌లాగే నల్లది. బో, లూక్ పెద్ద రేసుల్లో కార్లు నడపడానికి వెళ్లారట, వీళ్లేమో అదే ఇంటి పిల్లలట. నాలుగు సీజన్లలో ఒక్కసారి కూడా ఎవరూ తలుచుకోని పిల్లలు! అదే కారు, అవే జంపులు. రాసిపెట్టిన స్క్రిప్టుల్లో పేర్లు కొట్టేసి వీళ్ల పేర్లు రాశారని కూడా అంటారు. రేటింగులు పడిపోయాయి.

మా అమ్మమ్మ చూసే సీరియల్‌లో కోడలు మారితే కింద ఒక లైను వేస్తారు, ఇకపై ఈ పాత్రలో ఫలానా అని. అమ్మమ్మ రెండ్రోజులు “పాత పిల్లే బాగుందే” అని గొణిగి, మూడో రోజుకి కొత్త కోడలి కోసం కూడా ఏడుస్తుంది. నాకు ఆ లైను నచ్చుతుంది. కనీసం ఒకరు వెళ్లి ఇంకొకరు వచ్చారని ఒప్పుకుంటున్నారు కదా.

కోయ్, వాన్స్ ఎపిసోడ్లు నేను సమ్మర్ హాలిడేస్‌లో చూశా. మొదట నవ్వొచ్చింది, తర్వాత రాలేదు. ఎందుకంటే దానికి మూడు నెలల ముందు నేనూ ఒక కోయ్‌నే.

మా పక్క రూమ్‌లో ఉండేవాడు, ఫస్టియర్ మొదటి రోజు నుంచీ నా ఫ్రెండ్. పేరు రాయను. ఒక సీనియర్ టీమ్‌లో చేరి హాస్టల్ మెస్ కోసం యాప్ కట్టాడు, ఏ పూట ఎంతమంది తింటారో అంచనా వేసి అన్నం వృథా కాకుండా చూసేది. బ్యాకెండ్ దాదాపు అంతా వాడిదే. పోస్టర్ వేసినప్పుడు వాడి పేరు లేదు. అడిగితే సీనియర్ “తర్వాత చూద్దాంలే” అన్నాడు. రెండోసారి అడిగినా అదే మాట. వాడు టీమ్‌లోంచి వచ్చేశాడు.

హ్యాకథాన్ ఫైనల్‌కి వారం ఉంది. సీనియర్ మా రూమ్‌కొచ్చాడు. “తమ్ముడూ, కోడ్ అంతా అయిపోయింది. నువ్వు వచ్చి నిలబడితే చాలు.”

“వస్తానన్నా” అన్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పక్క రూమ్‌కెళ్లి ఒక మాట అడగలేదు.

పీపీటీలో కంట్రోల్ హెచ్ కొట్టి వాడి పేరున్న చోటల్లా నా పేరు పెట్టాం. అర నిమిషం పని. స్టేజి మీద తొమ్మిదో స్లయిడ్ వచ్చింది. సిస్టమ్ డిజైన్ బొమ్మ, కింద మూలలో చిన్న అక్షరాల్లో వాడి పేరు. అది ఇమేజ్ కదా, ఫైండ్ అండ్ రీప్లేస్ దాన్ని తాకలేదు. జడ్జి కళ్లద్దాలు సర్దుకుని “ఇదెవరు?” అన్నారు. “పాత మెంబర్ సార్” అని సీనియర్ స్లయిడ్ జరిపేశాడు. తర్వాత నన్నే ఒక ప్రశ్న అడిగారు, పాత డేటా ఏడు రోజులదే ఎందుకు తీసుకున్నారని. “ఆప్టిమైజేషన్ కోసం సార్” అన్నాను. నిజం కారణం వాడికే తెలుసు.

రెండో ప్రైజ్ వచ్చింది. సర్టిఫికెట్ మీద నా పేరు స్పెల్లింగ్‌తో సహా కరెక్ట్‌గా ఉంది. ఆ రాత్రి వాడు “కంగ్రాట్స్ మామా” అని ఒక్క మెసేజ్ పెట్టాడు. నేను థాంక్స్ కూడా కొట్టలేకపోయా.

చెర్రీని, మేయర్‌ని ఇప్పటికీ తిట్టేవాళ్లున్నారు. వాళ్లని నాతో పోల్చడం నిజానికి వాళ్లకి అన్యాయం. పని వెతుక్కుంటూ వచ్చిన కొత్త నటులు, దొరికిన పని చేశారు. పైగా జంపుల సంగతి ఎలా ఉన్నా డైలాగులు వాళ్లే చెప్పారు, ముఖాలు వాళ్లవే. బో, లూక్ వాళ్ల పక్క రూమ్‌లో ఉండేవాళ్లు కాదు.

1983 ఫిబ్రవరిలో రాజీ కుదిరి ష్నైడర్, వోపాట్ తిరిగొచ్చారు. ఆ ఎపిసోడ్ మొదట్లోనే ఎవరో బంధువుకి ఒంట్లో బాగాలేదని కోయ్, వాన్స్ సామాను సర్దుకుని వెళ్లిపోతారు. నాలుగు నిమిషాల్లో ముగించేశారు అనిపించింది నాకు. ఆ తర్వాత వాళ్ల మాటే లేదు.

సెలవులయ్యాక హాస్టల్‌కొచ్చి గిట్ లాగ్ తెరిచా. ఒక్కో కమిట్ పక్కన వాడి పేరు, రాత్రి రెండింటికీ మూడింటికీ. దాన్నెవరూ కంట్రోల్ హెచ్ కొట్టలేదు. రీడ్‌మీలో నా పేరు తీసి వాడి పేరు పెట్టి పుల్ రిక్వెస్ట్ పంపా. సీనియర్ ఇంకా మెర్జ్ చేయలేదు. సీన్ మాత్రం పడింది.

అదే రోజు వాడి రూమ్‌కెళ్లి సారీ చెప్పా. వాడు “సర్లే” అన్నాడు. ఏం మాట్లాడాలో తెలీక లాప్‌టాప్ తిప్పి ఆ వాగు జంప్ చూపించా. బానెట్ మడత పడే చోట నేనే పాజ్ చేసి, ఇక్కడ చూడు, ఇప్పుడు చూడు, మళ్లీ కొత్తదైపోయింది అని చెప్తున్నా. వాడు కాసేపు చూసి, “లోపలున్న డ్రైవర్‌కి ఏం కాలేదా?” అన్నాడు.

అన్నిసార్లు చూశానే, ఆ కారులో ఒక మనిషి ఉన్నాడని నాకు తట్టలేదు. వెనక్కి తిప్పి ఇద్దరం మళ్లీ చూశాం. హెల్మెట్ ఉన్నట్టే ఉంది, సరిగ్గా కనపడలేదు.