నిచ్చెనెక్కి గుడిస చూద్దామని...

తెర మీదికి జీపు రాగానే హాల్లో అందరూ హీరో దిగుతాడని చూస్తారు. నేను మాత్రం బండి వెనక్కి చూస్తాను, నిచ్చెన ఉందా లేదా అని! చిన్నప్పటినుంచీ అదో పిచ్చి. నిచ్చెన పట్టుకుని వేళ్ళాడే విలన్ మనుషులు, టాపు మీదికి పాకి ఒక్కొక్కణ్ణీ కిందికి తన్నే హీరో... ఎప్పటికైనా అలాంటి బండి కొనాలని ఉండేది. కిందటేడు సెకండ్ హ్యాండ్‌లో బొలెరో ఒకటి దొరికింది. అన్నీ ఉన్నాయి, నిచ్చెన తప్ప.

మారేడుమిల్లి వెళదామని మా బాబాయి కొడుకూ నేనూ అనుకున్న సాయంత్రమే రాజమండ్రిలో ఓ వెల్డింగ్ షాపుకి తీసుకెళ్ళాను. పేరు చెప్పను, పాపం ఆయన బతుకుతెరువు ఆయనది. టాపు మీద క్యారియరు, వెనకాల అయిదు మెట్ల నిచ్చెన రెండు గంటల్లో తయారైపోయాయి. నల్లరంగు, మెట్లకు ఎర్రరంగు. “అన్నయ్యా, అచ్చం సినిమా బండే!” అన్నాడు మావాడు. నేనూ మురిసిపోయాను. ఏది దేనికి బిగించాడో వంగి చూడాలన్న బుద్ధి మాత్రం ఇద్దరికీ పుట్టలేదు.

తెల్లారి బయల్దేరాం. కోరుకొండ, గోకవరం, రంపచోడవరం దాటి 80 పైచిలుకు కిలోమీటర్లు. రంపచోడవరం దాకా బండి బుద్ధిగానే నడిచింది. ఆ తర్వాత అడవి దగ్గరపడి మలుపులు మొదలయ్యేసరికి తన అసలు రంగు చూపించింది. టాపు మీద టెంటు, గ్యాసుస్టవ్, రెండు నీళ్ళక్యాన్లు, స్టెప్నీ ఒకటి అదనంగా. కిందపెట్టే బరువు పైన పెడితే ఏమవుతుందో నెత్తిన బిందె పెట్టుకుని గట్టు దిగే ఆడవాళ్ళని అడగండి, చెప్తారు. ప్రతి మలుపులోనూ బండి ఓ పక్కకి ఒరుగుతోంది. మావాడికి అదీ సరదాగానే ఉంది. “గుడిస కొండ మీదికి నేను టాపు మీద కూచునే వస్తాను” అని ముందే రిజర్వు చేసుకున్నాడు. వాడి కళ్ళలో ‘పుష్ప’ లారీలు తిరుగుతున్నాయి.

వాణ్ణి తప్పుపట్టలేం లెండి. 2021లో వచ్చిన ఆ సినిమాలో మనం చూసిన అడవిలో చాలా భాగం ఈ మారేడుమిల్లి పరిసరాలదే. కథ శేషాచలం కొండల్లోది. షూటింగ్ ఇక్కడ. ఎర్రచందనం సహజంగా పెరగని అడవిలోకి ఎర్రచందనం దుంగలు లారీలకెక్కి వచ్చాయన్నమాట! మరుసటేడు అల్లరి నరేష్ చిత్రం ఏకంగా ‘ఇట్లు మారేడుమిల్లి ప్రజానీకం’ అని ఊరిపేరే పెట్టుకుంది. ఇప్పుడు టీ కొట్టు దగ్గర ఆగినా, వాగు దగ్గర ఆగినా “ఇక్కడే తీశారండి” అనేవాడు ఒకడు తగులుతాడు. అందులో సగం నిజమే.

మారేడుమిల్లి సెంటర్లో బొంగు చికెన్ పొగ ముక్కుకి తగులుతుండగా బండి ఆపాం. పక్కనే అద్దె జీపు ఆపుకుని ఉన్న ఓ పెద్దాయన మా బండి చుట్టూ ఒకసారి తిరిగి, నిచ్చెన దగ్గర ఆగి, బొటనవేలితో పై స్క్రూ మీద నొక్కాడు. అది తిరిగింది!

“బాబుగారూ, ఇది ఎక్కడానికా అండి, చూపించుకోడానికా?”

మావాడికి పౌరుషం వచ్చేసింది. “ఎక్కడానికే” అంటూ గబగబా ఎక్కేశాడు. ఒకటో మెట్టు, రెండో మెట్టు, మూడో మెట్టు... టప్‌మని శబ్దం. పైనున్న రెండు స్క్రూలూ రేకు చింపుకుని ఊడొచ్చాయి. నిచ్చెన వెనక్కి వాలిపోయింది. వాడు ఒక చేత్తో క్యారియరు పట్టుకుని వేళ్ళాడి, పట్టు తప్పి రోడ్డు మీద మోకాళ్ళ మీద పడ్డాడు. ప్యాంటు చిరిగింది, చర్మం లేచిపోయింది, రక్తం కారింది. ఎముక విరగలేదు, అంతే. పక్కన లోయ లేదు, బండి కదలడం లేదు. మర్నాడు తెల్లవారుజామున గుడిస దారిలో ఇదే జరిగి ఉంటే? నేను టీ గ్లాసు పట్టుకున్న చెయ్యి కాసేపు వణికింది. ఆ నిచ్చెన పెట్టించింది నేను కదా.

గాయం కడిగించి, కట్టు కట్టించాక పెద్దాయన తన బండి చూపించాడు. పాత జీపు, రంగు వెలిసిపోయింది. వెనకాల ఎడమపక్క నాలుగు మెట్ల నిచ్చెన. అయితే మెట్లకి అడ్డంగా పైనుంచి కిందికి ఓ చెక్కపలక, దానికి గొలుసు, గొలుసుకి తాళం! బండి కదిలే ముందు పలక బిగిస్తాడట, ఆగాకే తీస్తాడట.

“ఎందుకు బాబాయ్ గారూ?” అన్నాను.

“పూర్వం సంతరోజు టాపు నిండా జనమే కదండి. పనసకాయల బుట్టల మధ్య మా బావమరిది కూచున్నాడు. మలుపులో వెదురుగడ తగిలింది. బండి పాతిక స్పీడులో కూడా లేదండి. బతికాడు గానీ కుడిచెయ్యి పైకి లేవదు. ఆ వారమే ఈ పలక చేయించాను. అప్పట్లో నవ్వారండి అందరూ. బేరాలు కూడా పోయాయి కొన్ని.”

ఆ మధ్యాహ్నం బొంగు చికెన్ తింటూ చూడాల్సిన జలతరంగిణి జలపాతం చూడలేదు మేము. పెద్దాయనతో కలిసి నిచ్చెన విప్పి మళ్ళీ బిగించాం. చెప్పొద్దూ, ఆ మూడు గంటలే ఈ ప్రయాణంలో నాకు బాగా గుర్తున్నవి. రహస్యం చాలా చిన్నది. మనిషి నిచ్చెన ఎక్కుతూ వెనక్కి వాలినప్పుడు అతని బరువు కిందికి మాత్రమే కాదు, పై కొసని బయటికి కూడా లాగుతుంది. పల్చటి రేకుకి దిగ్గొట్టిన స్క్రూ ఆ లాగుడికి ఆగదు. అంచేత పై కొసల్ని కొక్కెంలా వంచి, క్యారియరు గొట్టం మీదుగా వేసి, యూ క్లాంపులతో కట్టేశాం. క్యారియరు కాళ్ళు టాపు అంచున వాననీళ్ళు పోయే గాడిని గట్టిగా కరిచి ఉండాలి, టాపు రేకు మీద ఊరికే కూచోకూడదు. కింది కొసలు బంపరుకి, వెనకాల మందపాటి బద్దలు పెట్టి, 8 మిల్లీమీటర్ల బోల్టులతో బిగించాం. ఇనుము రేకుని తాకే ప్రతిచోటా పాత ట్యూబు ముక్క. పాత చిల్లులకి ఎం-సీల్. లేకపోతే మొదటి వానకే తుప్పు.

అయిదో మెట్టు బంపరు కన్నా కిందికి వేలాడుతోంది. “కొండెక్కేటప్పుడు వెనకభాగం దిగుద్దండి, రాయి తగిలితే నిచ్చెన బండిలోకి గుచ్చుకుంటాది” అని దాన్ని కోసేయించాడు. మెట్టుకీ బండి ఒంటికీ మధ్య అరచెయ్యి పొడవు ఖాళీ ఉండాలట, లేకపోతే కాలి వేళ్ళే ఆనతాయి తప్ప పాదం ఆనదు. వెనక తలుపు తెరుచుకోవాలి, లైటూ నంబరుప్లేటూ కనిపించాలి. వెల్డింగ్ మాటే వద్దన్నాడు. చెయ్యక తప్పకపోతే ముందు బ్యాటరీ తీగ విప్పమన్నాడు. రాజమండ్రిలో ఎవరూ విప్పలేదు. నా మీటరులో ఓ పసుప్పచ్చ లైటు ఎందుకు వెలుగుతోందో అప్పుడర్థమైంది. అదింకా వెలుగుతూనే ఉంది!

టాపు సామాన్లలో సగం లోపలికి దించేశాం. ఎంత బరువు మొయ్యగలదో బండితో ఇచ్చే పుస్తకంలో రాసి ఉంటుంది. మనమెవరమూ చదవని పుస్తకం అది.

ఇక్కడో మాట సినిమా అభిమానులకి. తెర మీద జీపు దూసుకుపోవడం చాలాసార్లు కెమెరా మాయ. ఫిల్ము రోజుల్లో సెకనుకి 24 ఫ్రేములకి బదులు 18 తీసి, మామూలు వేగంతో ఆడించేవారు. మెల్లిగా పోయే బండి పరుగెత్తినట్టు కనబడేది. టాపు మీద హీరోకి నడుముకి తాడు ఉంటుంది, చూసుకోడానికి ఫైటుమాస్టరు ఉంటాడు. మనకెవరున్నారు? 1988 మోటారు వాహనాల చట్టం 123వ సెక్షన్ టాపు మీద ప్రయాణం కూడదని తెగేసి చెబుతోంది. 52వ సెక్షన్ బండి రూపం ఇష్టమొచ్చినట్టు మార్చొద్దంటుంది, 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. క్యారియరు పెట్టించాలనుకునేవాళ్ళు ముందు రవాణాశాఖ ఆఫీసులో అడగడం మేలు. నేను వచ్చాక అడిగాను, ముందే అడగాల్సింది. చట్టం సంగతి అలా ఉంచి, అదే 2019 అక్టోబరులో మారేడుమిల్లి – చింతూరు ఘాట్‌లో యాత్రికుల బస్సే లోయలో పడింది. సీట్లలో కూచున్నవాళ్ళకే అలా అయితే...

మర్నాడు తెల్లవారుజామున మూడున్నరకి గుడిస బయల్దేరాం. స్టీరింగ్ పెద్దాయనది. నేను పక్కన, మావాడు వెనకసీట్లో కుంటికాలు చాపుకుని. టాపు ఊసెత్తలేదు. పుల్లంగి మీదుగా దారి. చివర్లో అది దారి కాదు, రాళ్ళూ గోతులూ. ఓ చోట బండి వెనకభాగం నిజంగానే కిందికి దిగి రాయిని రాసుకుంది. కోసేసిన అయిదో మెట్టు ఉండాల్సిన చోటే!

పైకి చేరేసరికి ఇంకా చీకటి. హ్యాండుబ్రేకు వేసి, నాలుగు చక్రాలకీ రాళ్ళు పెట్టాకే ఎక్కనిచ్చాడు నన్ను. ఒక్కొక్క మెట్టే ఎక్కాను. కిర్రుమనలేదు, కదల్లేదు. టాపు మీద కూచున్నాను. తూర్పున ఎర్రజీర మొదలైంది. గుడిస మీద చెట్లు లేవు, గాలికి తల వంచే గడ్డి, దాని అంచుల కింద మబ్బు. మబ్బులోంచి కొండల వీపులు ఒకటొకటే తేలుతున్నాయి. “ఏం కనిపిస్తోందన్నయ్యా?” అని కిందినుంచి అడిగాడు వాడు. చెప్పబోయాను గానీ, చెబితే వాడికి ఏడుపొస్తుందని “చలిగా ఉంది” అన్నాను.

దిగి వస్తుంటే దారిపక్క జీలుగుచెట్టు కనిపించింది. దానికి ఆనించి ఒంటి వెదురుగడ. కణుపుల దగ్గర కొమ్మల మొదళ్ళు ఉంచేసి, వాటినే మెట్లు చేసుకున్నారు కల్లు గీసేవాళ్ళు. పెద్దాయన బండి ఆపి, “కట్లు లెక్కపెట్టండి బాబూ” అన్నాడు. కిందినుంచి పైదాకా అడుగడుక్కీ తీగతో కట్టు. లెక్కపెట్టాను. ఏడు. నా నిచ్చెనకి మొత్తం ఉన్నవి నాలుగు స్క్రూలు.

ఊళ్ళోకి వచ్చాక పెద్దాయన మా నిచ్చెన మెట్లకి అడ్డంగా గోనెసంచి చుట్టి తాడుతో బిగించాడు, రాజమండ్రి దాకా ఎవరూ ఎక్కకుండా. డబ్బులిస్తుంటే మావాడు కుంటుతూ వచ్చి మెల్లిగా అడిగాడు: “బాబాయ్ గారూ, ఆ పలక చేయించాలంటే ఎంతవుద్దండి?”

“పలక ఊరికే వచ్చేస్తాదండి, పాత తలుపుచెక్క ఏదైనా చాలు” అన్నాడాయన. “తాళం మాత్రం మంచిది కొనుక్కోండి.”