ఆదోనినుండి ఎమ్మిగనూరునకు: బండి చప్పుళ్ల ముచ్చట

కర్నూలు జిల్లా పడమటి కొసను, గుంతకల్లునుండి రాయచూరునకు బోవు రైలుదారిలో ఆదోని పట్టణమున్నది. పూర్వులు దీనిని ఆదవాని యనిరి. ఊరి నానుకొని బోడిరాతి కొండలు, వానిపై శిథిలమైన కోట, కొండదిగువను సిద్ది మసూద్ ఖాను కట్టించిన జామియా మసీదు నున్నవి. విజయనగర ప్రభువులు, విజాపురపు సుల్తానులు, మొగలాయీలు వరుసగా ఈ దుర్గము నేలిరి. 1786లో టిప్పు సుల్తాను దీనిని ముట్టడించి పట్టుకొనెను. 1800లో ఈ సీమ ఇంగ్లీషువారి పరమయ్యెను. బళ్లారి జిల్లాలో నుండిన యీ తాలూకా 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు ఆంధ్రమున జేరి, పిమ్మట కర్నూలు జిల్లాది యయ్యెను. కావుననే ఇచ్చట తెలుగుతోబాటు కన్నడమును, ఉర్దూయును వీథులలో వినవచ్చుచుండును.

నేటి ఆదోనికి కోటకంటె ప్రత్తియే పేరు దెచ్చినది. చలికాలమున మార్కెట్టు యార్డులో ప్రత్తి రాసులు తెల్లని గుట్టలవలె నుండును. జిన్నింగు మిల్లులలో గింజను దూదినుండి వేరుచేయు యంత్రముల హోరు ఎడతెగక మ్రోయుచుండును. ఈ యూరి వర్తకమును జూచి పెద్దలు దీనిని రెండవ బొంబాయి యనుచుందురు. ఆ హోరునడుమ కాపురముండు మాకు యంత్రధ్వని క్రొత్తగాదు. హోరు సమముగా నున్నంతవరకు ఎవరును తల యెత్తరు. ఒక్కసారి తేడా వచ్చెనా, వీథిలో గూర్చున్న ముసలివారు సైతము మిల్లువంక జూతురు.

గడచిన వేసవిలో మా యింటివారు ఒక పాతబండిని గొనిరి. ఎస్‌యూవీ యని పిలువబడు ఎత్తయిన బండి. వెనుకచక్రములు త్రిప్పి నడపునట్టిది. బడిపంతులు జీతములో మిగిల్చినది, నా చీటీపాటలో వచ్చినది కలిపి దానికిచ్చితిమి. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. బస్సెక్కలేని యామెను శ్రావణమాసమున మంత్రాలయము తీసికొనిపోవలెనని మా కోరిక. కాని కొన్న నెలకే బండి దిగువనుండి "హూం" అని యొక దీర్ఘధ్వని వినవచ్చుట మొదలిడెను. తుమ్మెద గదిలో చిక్కికొన్నట్లుండెను. అమ్మినవాడు "ఎత్తుబండ్లన్నిటికి ఇదే సద్దు" అనెను. ఒక మరమ్మతుశాలవారు గేరుబాక్సు విప్పవలె ననిరి. వారు చెప్పిన సొమ్ము, మా పెద్దమ్మాయి కాలేజీ ఫీజునకై తీసియుంచిన దానికి సరిగా నుండెను. ఏది ముందు? పిల్ల చదువా, బండి గేరులా? మా యింటిలో రెండు దినములు ఈ మాటయే నడచినది.

అప్పుడు నేను మా యింటివారితో నొక మాట జెప్పితిని. "వైద్యుడు మందిచ్చుటకు మునుపు రోగి నడుగును గదా. ఎప్పుడు నొచ్చును, ఏమి చేసిన హెచ్చును, ఏమి చేసిన తగ్గును అని. బండికి నోరులేదు గాని చప్పుడున్నది. దానినే యడుగుదము." ఆయన నవ్వి యొప్పుకొనిరి. పాలు, కూరగాయల లెక్క వ్రాయు పుస్తకములో చివరి పుటను దీనికి కేటాయించితిని. ఒక ఆదివారము ఉదయమున ఎమ్మిగనూరునకు బయలుదేరితిమి.

మొదట ఇంటిముందే బండిని నిలిపి, గేరు న్యూట్రల్‌లో నుంచి, ఇంజనును హెచ్చించి చూచితిమి. హూంకారము లేదు. నిలిచియున్నప్పుడు ఇంజను వేగముతో హెచ్చు చప్పుడైనచో దోషము ఇంజనులోనో, దాని ముందరి బెల్టులోనో యుండవలెను. ఇది అట్టిది కాదు. తరువాత క్లచ్చి త్రొక్కి, వదలి వినుచుంటిమి. త్రొక్కినప్పుడే పుట్టు చప్పుడు క్లచ్చి బేరింగును, త్రొక్కినప్పుడు ఆగిపోవు చప్పుడు గేరుబాక్సులోని బేరింగును అనుమానింపజేయును. మా బండికి రెండును లేవు. ఈ రెండు పరీక్షలకు కానీ ఖర్చు లేదు.

ఆదోని పాతవీథులలో గోడల నడుమ మెల్లగా బోవునప్పుడు కిటికీలు దింపి వినుట మిక్కిలి యుపకరించును. చక్రముల చప్పుడు గోడను దాకి తిరిగి చెవికి వచ్చును. నడుపువారికి దారిమీద దృష్టి. ప్రక్కన గూర్చున్నవారికే చెవి తీరికగా నుండును. గతుకులలో "కటకట" మను సన్నని శబ్దమొకటి వినబడినది. గతుకు లేనిచోట అది లేదు. చక్రమును బండికి గలుపు కడ్డీల రబ్బరులు అరిగినప్పుడు ఇట్లు వచ్చును. దానిని వేరొక పంక్తిలో వ్రాసితిని. రెండు రోగములను ఒక్కటిగా దలచినచో మందు తప్పిపోవును.

ఊరు దాటినంతనే నల్లరేగడి చేలు కనుచూపుమేర పరచికొనును. ప్రత్తి, జొన్న, వేరుసెనగ, ఉల్లి యీ సీమ పంటలు. తుంగభద్ర దిగువకాలువ నీరందినచోట వరియు గలదు. ఈ రేగడి నేలకు వాన పడెనా, బంకవలె చక్రముల నంటుకొనును. చక్రపు లోపలి యంచున ఒకవైపు మట్టి పేరుకొని యెండినచో వేగమున బండి యంతయు వణకును. అది చూచి పెద్దరోగ మనుకొని బెదరినవారున్నారు. కడవెడు నీళ్లును, ఒక పుల్లయును దానికి జాలును. అట్లే చిన్నరాయి బ్రేకు పలకకును దాని వెనుకరేకుకును నడుమ చిక్కినచో చెవులు చిల్లులుపడునట్లు కీచుమనును. మేము దిగి చూచితిమి. మట్టి లేదు, రాయి లేదు.

సాఫీదారి వచ్చిన పిదప హూంకారము స్పష్టమయ్యెను. గంటకు నలుబది కిలోమీటర్ల వేగమున మొదలై, అరువదికి నిండుగా నుండెను. గేరు మార్చినను మారలేదు. ఏక్సిలేటరు నొక్కినను, వదలినను మారలేదు. వెనుక ఇరుసులోని పళ్లచక్రముల దోషమైనచో నొక్కుటకును వదలుటకును ధ్వని భేదించును. టైర్లదైనచో తారుదారికి, సిమెంటుదారికి గొంతు మారును. అదియు లేదు. అంతకు ముందు వారమే ముందరి టైర్లను వెనుకకు, వెనుకటివానిని ముందునకు మార్పించియుంటిమి. టైరు దోషమైనచో చప్పుడు గూడ దానితో వెనుకకు బోవలెను. అది ముందుననే నిలిచినది.

ఇక మిగిలినది మలుపు. ఎదుట, వెనుక బండ్లు లేనిచోట, మెల్లని వేగమున, మా యింటివారు దారిలోనే కొంచెము కుడికి, కొంచెము ఎడమకు త్రిప్పిరి. కుడికి తిరిగినప్పుడు హూంకారము హెచ్చెను. ఎడమకు తిరిగినప్పుడు దాదాపు అణగెను. బండి కుడికి తిరుగునప్పుడు భారము ఎడమచక్రములపై బడును. నీళ్లబిందె చంక మార్చినప్పుడు ఏవైపు బరువు పడునో మన మెరుగనిదా! భారము పడినచోట మూలుగు హెచ్చినది గనుక, ముందరి ఎడమచక్రమే మూలుగుచున్నదని నేను పుస్తకములో వ్రాసితిని.

ముప్పది కిలోమీటర్ల యీ దారి చివర ఎమ్మిగనూరు. ఇది నేతగాండ్ర యూరు. మాచాని సోమప్పగారు 1938లో ఇచ్చట చేనేతవారి సహకార సంఘమును స్థాపించి, అనేక కుటుంబములకు నూలును, పనిని, అంగడిని కల్పించిరి. ఆయనకు 1954లో పద్మశ్రీ బిరుదము లభించెను. ఏటేట జనవరి నెలలో నీలకంఠేశ్వరస్వామి జాతరకు చుట్టుప్రక్కల జనమంతయు వచ్చును. మాకు పరిచితమైన యొక నేతయింటిలో మజ్జిగ పుచ్చుకొనుటకు ఆగితిమి. ఆ యిల్లాలు వంటయింటిలో జొన్నరొట్టె తట్టుచుండెను. భర్త ముందరి గదిలో గుంటమగ్గముపై నుండెను. మాటల నడుమ ఆమె తల యెత్తి, "పోగు తెగినట్లుంది చూడు" అని కేకవేసెను. నిజముగనే తెగినది! నాడె పోవు చప్పుడులో తేడా ఆమె చెవికి దెలిసినది. మా బండి సంగతి చెప్పగా, మెకానిక్కు మేస్త్రి యొకరి కొట్టునకు దారి చూపినదియు నామెయే.

మేస్త్రి ముస్లిము పెద్దమనిషి. నేను పుస్తకము తీయగానే చేతులు తుడుచుకొని వచ్చి, "అక్కా, యాడ్నుంచి వస్తాదో తర్వాత చూస్తాం. ఎప్పుడెప్పుడు వస్తాదో ముందు చెప్పు" అనెను. నేను వ్రాసినదంతయు చదివితిని. ఆయన మారుమాట లేక తాను బండి నెక్కి ఒక మైలు నడిపి వచ్చెను. తరువాత జాకీ వేసి ముందరి ఎడమచక్రమును లేపి, పైని, క్రిందను పట్టి ఊపగా అది కొంచెము కదలినది. ఒక చేయి స్ప్రింగుపై నుంచి, రెండవచేత చక్రమును త్రిప్పి, "చెయ్యి పెట్టి చూడు సార్" అని మా యింటివారితో ననెను. తిరుగలిలో ఇసుక పడినట్లు గరగర తెలిసినదట. కుడిచక్రము మాత్రము నూనెలో తిరిగినట్లు తిరిగెను.

విప్పి చూడగా బేరింగులోని గ్రీజు మాడి నల్లబడి, ఉక్కుగుండ్లు నడచు బాట గుంటలు పడియుండెను. నీరును, మట్టియును చొచ్చినవి. "గేరుబాక్సు బాగుంది అక్కా, దాన్ని ముట్టుకోవద్దు" అని మేస్త్రి చెప్పెను. ఈ చక్రముతోనే మంత్రాలయము పోయియుండినచో ఏమగునని అడిగితిని. "పోయేది పోయుంటారు. తిరిగొచ్చేది మాత్రం నేను చెప్పలేను" అని యూరకుండెను. అట్టి బేరింగు వేడెక్కి బిగిసిపోవచ్చును. మిక్కిలి ముదిరినచో చక్రమే నిలువక ఊగిపోవచ్చును. నిండుబండిలో వృద్ధురాలును, పిల్లలును ఉండగా అట్టిది దారిలో జరుగుట తలచినచో నేటికిని నా యొడలు జలదరించును.

సాయంత్రమునకు క్రొత్త బేరింగును వేసి, కటకటలాడిన రబ్బరులనుగూడ మార్చిరి. గేరుబాక్సునకు చెప్పిన సొమ్ములో పదవవంతైనను కాలేదు. తిరుగుదారిలో పిల్లల మాటలు, గాలి, టైర్ల సహజమైన రొద తప్ప వేరేమియు వినబడలేదు. అమ్మాయి ఫీజు గడువులోపల కట్టితిమి. శ్రావణమున అత్తగారితో మంత్రాలయము పోయి, తుంగభద్రలో కాళ్లు కడుగుకొని, రాఘవేంద్రస్వామి బృందావనమును దర్శించి వచ్చితిమి. స్వామివారు 1671లో బృందావన ప్రవేశము చేసిరి. ఆ యూరికి అప్పుడు మంచాల యని పేరు. దానిని స్వామివారి కిచ్చినవాడు ఆదోని పాలకుడగు మసూద్ ఖాను అని అచ్చటివారు చెప్పుదురు.

సోదరీమణులారా, నేడు పాతబండ్లు కొనుట మధ్యతరగతి యిండ్లలో సాధారణమైనది. కొనుటకు మునుపే ఒక మైలు సాఫీదారిలోను, ఒక మైలు గతుకులలోను పాటల పెట్టె నాపి కూర్చుండి వినుడు. తెల్లవారి చల్లని యింజనును మన యెదుటనే మొదలిడు మనుడు. ముందే వేడిచేసి యుంచిన యింజను కొన్ని చప్పుళ్లను దాచును. చల్లని వేళ కీచుమని, కొంతసేపటికి తగ్గునది తరచుగా బెల్టు. బ్రేకు త్రొక్కినప్పుడు సన్నగా కీచుమన్నచో పలకలు అరుగుచున్నవని హెచ్చరిక. ఇనుము ఇనుమును గీచినట్లున్నచో ఆ దినమే బాగుచేయింపవలెను. బండి కదలునప్పుడు క్రిందినుండి "టక్కు" మని కొట్టినచో, వెనుకచక్రములకు శక్తినందించు షాఫ్టు కీలును చూపింపుడు. ఇంజనులో సుత్తితో గొట్టినట్లు చప్పుడై, నూనె దీపము వెలిగెనా, వెంటనే దారిప్రక్కన నిలిపి యింజను నాపుడు; ఇల్లు చేరిన పిదప చూతమనరాదు. టైరు మార్పించిన మరునాడు చక్రము కదలినట్లు తోచినచో నట్టులు బిగింపించి చూడుడు.

మరమ్మతుశాలకు బోయి "ఏదో చప్పుడు వచ్చుచున్నది" అనినచో, వారు తమకు దోచినది విప్పుదురు. ఎప్పుడు, ఎంత వేగమున, ఏ మలుపున, ఏది త్రొక్కినప్పుడు అని నాలుగు ముక్కలు కాగితమున వ్రాసియిచ్చినచో నిజాయితీపరుడైన మేస్త్రికి సగము పని తప్పును. వేరొకనికి మోసగించు అవకాశము తప్పును. బియ్యములో రాతిని, పాలలో విరుగుడును, పసిబిడ్డ దగ్గులో జబ్బును కనిపెట్టు మనకు ఇది కానిపని కాదు. బండి మనది, అందు గూర్చుండు ప్రాణములు మనవి. వినుటకు సిగ్గుపడవలదు, అడుగుటకు జంకవలదు.